ఆట మందు కాగలదా?

మన ఊరికి రెండు పేర్లు ఉన్నాయి. పాత పేరు బటాంగ్ బెర్జుంటై. 2007లో దానిని బెస్తారి జయ అని మార్చారు. మలయ్ భాషలో 'బెర్జుంటై' అంటే వేలాడుతూ ఉండటం. కొమ్మ మీద కూర్చున్న పిల్లవాని కాళ్ళు గాలిలో ఊగుతూ ఉంటే ఆ మాటతోనే చెబుతారు. 'బెస్తారి' అంటే తెలివి, చదువుతో వచ్చిన నేర్పు. 'జయ' అంటే మనకు తెలిసిన జయమే. పేరు ఎందుకు మారిందన్నది ఇక్కడి విషయం కాదు. అయితే ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, నేటి తల్లిదండ్రుల మనసులోని తగవు అంతా వాటిలో ఉన్నట్లు తోస్తుంది. పసివాడు కొమ్మ మీద కాళ్ళు ఊపుతూ కూర్చోవాలా, లేక తెలివినీ జయాన్నీ సంపాదించే పనిలో అప్పుడే దిగాలా?

ఈ తగవులోకి ఇటీవల మూడవ మాట ఒకటి వచ్చింది. మాటలు ఆలస్యమైన పిల్లలకు, భయంతోనో దుఃఖంతోనో ముడుచుకుపోయిన పిల్లలకు, తోటివారితో కలవలేని పిల్లలకు ఆట ద్వారా సాయం చేయవచ్చునని వైద్యులు, మనస్తత్వ నిపుణులు చెబుతున్నారు. దానిని ప్లే థెరపీ అంటారు. మనం ఆట చికిత్స అనుకుందాం. ఈ మాట విన్నప్పుడు మన కుటుంబాలలో రెండు రకాల స్పందన కనిపిస్తుంది. కొందరు పెద్దలు "ఆడుకోవడానికి కూడా డబ్బు కట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళాలా?" అని నవ్వుతారు. కొందరు యువ తల్లిదండ్రులు "అలాగైతే ప్రతి ఆటా ఏదో ఒకటి నేర్పి తీరాలి" అనుకొని ఇంటిని చిన్న పాఠశాలగా మార్చివేస్తారు. రెండింటి వెనుకా ఉన్న ప్రశ్న ఒక్కటే. ఆట దేనికోసం? దానికి ఒక ప్రయోజనాన్ని కట్టి మందులా వాడటం న్యాయమేనా? ఆ ప్రశ్నను ఈ వ్యాసంలో నెమ్మదిగా విచారిద్దాం.

ముందుగా ఆట చికిత్స అంటే ఏమిటో తెలియాలి. పెద్దవారికి బాధ కలిగితే ఎవరితోనైనా చెప్పుకుంటారు. మూడేళ్ళ పిల్లకు ఆ మాటలు ఇంకా రాలేదు. ఆమెకు వచ్చిన భాష ఆట. తమ్ముడు పుట్టాక అమ్మ ఒడి దూరమైందన్న సంగతిని ఆమె వాక్యంగా చెప్పలేదు. కాని చిన్న బొమ్మను మంచం కింద దాచిపెట్టి, పెద్ద బొమ్మను అమ్మబొమ్మ పక్కన పడుకోబెట్టగలదు. ఆ ఆటను శ్రద్ధగా చూసేవారు ఆమె గోడును విన్నట్లే.

ఈ చూపును ఒక పద్ధతిగా మలచినవారిలో ఇరవయ్యో శతాబ్దపు తొలి భాగంలో ఐరోపాలో పనిచేసిన కొందరు స్త్రీలు ముఖ్యులు. వియన్నాలో ఆనా ఫ్రాయిడ్, బెర్లిన్‌లోను ఆ తరువాత లండన్‌లోను మెలనీ క్లైన్ పిల్లల ఆటను వారి మనసుకు వాకిలిగా చూశారు. మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ అనే వైద్యురాలు 1928లో లండన్‌లో పిల్లల కోసం ఒక చికిత్సాలయం తెరిచింది. ఆమె పద్ధతిలో ఒక ఇసుక పళ్ళెం, మనుషులవి, జంతువులవి, ఇళ్ళవి, చెట్లవి చిన్న చిన్న బొమ్మలు ఉంటాయి. పిల్లవాడు ఆ ఇసుకలో తన లోకాన్ని తానే పేర్చుకుంటాడు. బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళలో ఈ దృశ్యం కొత్తది కాదు. మెట్ల మీద దేవుళ్ళను పెద్దలు అమర్చినా, కింద నేల మీద ఊరిని, చెరువును, సంతను పేర్చేది పిల్లలే కదా. ఎవరి పక్కన ఎవరిని నిలబెట్టాలో, ఏ బొమ్మను వెనక్కి నెట్టాలో వారే నిర్ణయిస్తారు.

అమెరికాలో వర్జీనియా ఆక్స్‌లైన్ 1947లో 'ప్లే థెరపీ' అనే పుస్తకాన్ని వెలువరించింది. ఆమె నియమాల సారం ఇది. పిల్లవానిని ఉన్నవానిని ఉన్నట్లుగా అంగీకరించాలి. తొందరపెట్టకూడదు. దారి తీసేది పిల్లవాడు, వెంట నడిచేది పెద్దవాడు. ఎవరికీ దెబ్బ తగలకుండా ఉండటానికి, పిల్లవాడు తన బాధ్యత తెలుసుకోవటానికి ఎంత అవసరమో అంత మేరకే హద్దులు పెట్టాలి. చదవడానికి ఇవి సులభంగా ఉన్నాయి. అయితే పది నిమిషాలపాటు ఒక పిల్లవాని పక్కన కూర్చొని, "అలా కాదు, ఇలా" అనకుండా ఉండి చూడండి. ఇది ఎంత కఠినమైన తపస్సో అర్థమవుతుంది.

నేడు ఈ పేరు కింద మూడు రకాల పనులు జరుగుతున్నాయి. వాటిని కలగాపులగం చేయకూడదు. మొదటిది, శిక్షణ పొందిన నిపుణుడు మనసుకు గాయమైన పిల్లవానితో చేసే చికిత్స. రెండవది, మాటలు నేర్పే నిపుణులు, చేతుల పనితనాన్ని పెంచే నిపుణులు తమ పనిలో ఆటను సాధనంగా వాడటం. సబ్బు బుడగలు ఊది, పిల్లవాడు "ఇంకా" అనే మాట అనేవరకు ఆగడం ఇటువంటిదే. మూడవది, ఇంట్లో తల్లి, తండ్రి, అమ్మమ్మ, తాతయ్య రోజూ కొంతసేపు పిల్లవానితో కూర్చొని ఆడటం. మొదటి రెండూ నిపుణుల పనులు. మూడవది మనందరి పని. పెద్దలు నవ్వేది మొదటిదాన్ని చూసి. వారు మరచిపోతున్నది మూడవదాన్ని.

ఆ మూడవదాని బలం ఎంతో చూపిన ఉదాహరణ ఒకటి ఉంది. అది మనలాగే తోటల చరిత్ర కలిగిన దేశంలో జరిగింది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో 1986-87 ప్రాంతంలో శాలీ గ్రాంథమ్ మెక్‌గ్రెగర్ అనే వైద్యురాలు, ఆమె సహచరులు 129 మంది పసిపిల్లలను ఎంచుకున్నారు. అందరూ పేదవారి బిడ్డలే, తొమ్మిది నెలల నుండి రెండేళ్ళలోపు వారు, వయసుకు తగిన ఎత్తు లేనివారు. వారిలో కొందరి ఇళ్ళకు ఆరోగ్య కార్యకర్త వారానికొకసారి, ఒక గంటసేపు, రెండేళ్ళపాటు వెళ్ళింది. బిడ్డతో ఎలా ఆడాలో, ఆడుతూ ఎలా మాట్లాడాలో తల్లికి చూపింది. ఇంట్లో దొరికే వస్తువులతో చేసిన ఆటబొమ్మలే వాడారు. మరి కొందరు పిల్లలకు పోషకాహారం ఇచ్చారు, కొందరికి రెండూ ఇచ్చారు, కొందరికి ఏదీ ఇవ్వలేదు. ఇరవై ఏళ్ళ తరువాత ఆ పిల్లలను వెతికి చూశారు. చిన్నతనంలో ఆటతో సాయం అందినవారి సంపాదన, అందనివారి సంపాదనకన్న 25 శాతం ఎక్కువగా ఉంది. ఎత్తు ఎదగని లోటు లేని తోటి పిల్లలతో వారు సమానమయ్యారు. ఒక్క ఆహారం మాత్రమే అందినవారిలో అటువంటి తేడా కనబడలేదు. ఈ ఫలితాలు 2014లో 'సైన్స్' పత్రికలో వెలువడ్డాయి.

ఆహారం అనవసరమని దీని అర్థం కాదు. ఆకలితో ఉన్న బిడ్డకు మొదట కావలసింది అన్నమే. కాని అన్నం ఒక్కటే చాలదని, తనవైపు చూసి నవ్వే ముఖం కూడా ఎదుగుదలకు ఆహారమేనని ఈ ఉదాహరణ చెబుతోంది. మన అవ్వలు అన్నం పెడుతూ చందమామను చూపించింది ఉత్త అలవాటు కాదు. ఆ ముద్దలో రెండు ఆహారాలు కలిసి ఉండేవి.

ఇక్కడ పెద్దలు ఒక ఆక్షేపణ చేస్తారు. "మన పూర్వులకు ఇవేవీ లేవు. వారు బతకలేదా? మమ్మల్ని పెంచలేదా?" ఈ ఆక్షేపణను తేలికగా తోసివేయకూడదు. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుండి మన పూర్వులు ఒప్పంద కూలీలుగానో, కంగాణీల వెంటనో ఈ దేశానికి వచ్చారు. ఒప్పంద కూలీ విధానాన్ని మలయాలో 1910లో రద్దు చేశారు, కాని తోట బతుకు అంతటితో మారలేదు. మన ఊరి పక్కనున్న తెన్నమారం తోటలో ఆన్రీ ఫొకోన్యే అనే ఫ్రెంచి దొర 1917లో ఈ దేశంలోనే మొదటిసారిగా వ్యాపారం కోసం ఆయిల్ పామ్ నాటించాడు. ఆ చెట్టు చరిత్ర పుస్తకాలలో ఉంది. ఆ చెట్ల నీడలో పెరిగిన పసిపిల్లల చరిత్ర ఏ పుస్తకంలోనూ అంత వివరంగా లేదు.

కాని కొంత మనకు తెలుసు. తెల్లవారకముందే హాజరు పిలుపు ఉండేది. రబ్బరు పాలు చల్లని వేళలోనే బాగా కారుతాయి కనుక తల్లులు చీకటిలోనే తోటకు వెళ్ళాలి. నిద్ర కళ్ళతో ఉన్న బిడ్డను ఆయా కొట్టాయిలో అప్పగించి వెళ్ళేవారు. అక్కడ ఒక ముసలమ్మ ఎందరో బిడ్డలను చూసుకోవాలి. ఊయలలు కట్టడం, పాలు పట్టడం, ఏడ్చేవారిని ఊరడించడం, ఇంతకే ఆమెకు పొద్దు చాలేది కాదు. ఆమెను తప్పుపట్టేవారు ఎవరూ లేరు. కాస్త పెద్దపిల్లలు చెల్లెలిని చంకనెత్తుకొని తిరిగేవారు, కలుపు తీయడానికో, పాల గిన్నెలు ఎత్తడానికో సాయం వెళ్ళేవారు. బతికి బాగుపడినవారే నేడు "మాకేం తక్కువైంది?" అని అడుగుతున్నారు. బడి వెనుక బెంచీలో మాట్లాడకుండా కూర్చొని, మొద్దు అన్న పేరుతోనే బడి మానివేసిన పిల్లలు ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి మన సభలకు రారు. గట్టు ఎక్కినవారిని మాత్రమే లెక్కించి ఏరు లోతు లేదని చెప్పడం న్యాయం కాదు.

అదే సమయంలో ఇంకొక నిజాన్ని కూడా చెప్పాలి. తోట పిల్లలు ఆడకుండా ఉండలేదు. రబ్బరు గింజలు ఏరుకొని అరచేతుల మధ్య నొక్కి, ఎవరి గింజ పగలదో చూసుకునేవారు. రబ్బరు బ్యాండులను గొలుసుగా అల్లి దాటేవారు. మనవారి వామనగుంటలు మలయ్ ఇళ్ళలోని చొంగ్కాక్‌కు చుట్టం. మన అచ్చనగండ్లు వారి బాతు సెరెంబాన్‌కు చుట్టం. మన తొక్కుడుబిళ్ళ వారి తెంగ్ తెంగ్‌కు తోబుట్టువు. భాష రాని పొరుగు పిల్లలు మొదట స్నేహం చేసింది ఈ ఆటలలోనే. పేదరికం పిల్లల నుండి బొమ్మలను తీసుకోగలిగింది కాని ఆటను పూర్తిగా తీసుకోలేకపోయింది. అయితే అది తీసుకున్నది మరొకటి ఉంది. తోడుగా కూర్చొని చూసే పెద్దవారి తీరికను తీసుకుంది. ఆ తీరిక లేనందుకు ఆ తల్లుల దోషం లేదు. వారి పొద్దును ముందుగానే ఇంకొకరు కొనుక్కున్నారు. నేడు మన పొద్దు మన చేతిలో కొంతైనా ఉంది. దానిని ఎలా వాడుతున్నామన్నది మన ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆటను ఒక ప్రయోజనం కోసం వాడవచ్చునా?

ఆట విషయంలో మన వేదాంతం చాలా లోతుగా ఆలోచించింది. బాదరాయణుని బ్రహ్మసూత్రాలలో ఒక ఆక్షేపణ వస్తుంది. పరబ్రహ్మకు ఏ కొరతా లేదు కదా, మరి ఈ సృష్టి ఎందుకు చేయాలి? కొరత ఉన్నవాడే కదా పని చేస్తాడు? దానికి సూత్రకారుడు ఇచ్చిన సమాధానం, ఇది కేవలం లీల అని. లోకంలో ఏ కోరికా మిగలని రాజు వినోదంగా ఆడుకోవడాన్ని శంకరాచార్యులు దృష్టాంతంగా చూపారు. మనం ఊపిరి పీల్చి విడవడాన్ని కూడా చూపారు. అంటే ఆటకు బయట మరొక ఫలం లేదు. ఆటే దాని ఫలం. ఈ అర్థంలో ఆట అన్ని పనులకన్న దేవునికి దగ్గరది. అటువంటిదాన్ని తీసుకొని, "దీనివల్ల నా కొడుకుకు మాటలు వస్తాయి, లెక్కలు వస్తాయి, ఏడేళ్ళకు ఒకటవ తరగతిలో చేరేసరికి ముందుంటాడు" అని తూకం వేయడం తగునా?

ఈ ఆక్షేపణలో బలం ఉంది. ప్రయోజనం కోసం ఆడించే ఆట చాలాసార్లు ఆటగా మిగలదు. రంగు దిమ్మెలు పేర్చుతున్న పిల్లవానిని "ఇది ఏ రంగు? ఇవి ఎన్ని?" అని ప్రతి దిమ్మెకూ ప్రశ్నించే తండ్రి ఆడటం లేదు, పరీక్ష పెడుతున్నాడు. పిల్లవానికి ఆ తేడా వెంటనే తెలుస్తుంది. అతడు లేచి వెళ్ళిపోతాడు. వెళ్ళనివ్వకపోతే ఏడుస్తాడు. ఏడిస్తే "వీడికి ఏకాగ్రత లేదు" అంటాం. ఆట పేరుతో పాఠం చెప్పడం పిల్లవాని నమ్మకాన్ని కొల్లగొట్టడమే.

అయినా నేను ఆ ఆక్షేపణతో చివరిదాకా వెళ్ళలేను. కారణం, మన తోటలే నేర్పిన ఒక సంగతి. రబ్బరు చెట్టుకు గాటు పెట్టేవారికి తెలుసు, కత్తి బెరడులోకి దిగాలి, కాని బెరడు కిందనున్న పలుచని జీవపు పొరను తాకకూడదు. గాటు పైపైన పెడితే పాలు రావు. లోతుగా పెడితే చెట్టుకు గాయమై, ఆ చోట బెరడు గడ్డలు కట్టి, తరువాత పాలు తీయడానికే పనికిరాదు. గాటు సరిగా పడ్డాక మనిషి చేయగలిగింది గిన్నె పెట్టి పక్కకు తప్పుకోవడమే. పాలు కారేది చెట్టు నుండి. మనిషి పిండితే రావు.

ఆట చికిత్స కూడా ఇటువంటిదే. పెద్దవారికి ప్రయోజనం ఉండవచ్చు. ఏ వేళ కూర్చోవాలి, ఏ వస్తువులు ముందు పెట్టాలి, ఏ హద్దులు చెప్పాలి అన్న ఏర్పాటులో ఆ ప్రయోజనం పనిచేయవచ్చు. కాని ఆట మొదలైన తరువాత ఆ ప్రయోజనం గుమ్మం బయట ఆగాలి. లోపల పిల్లవానిదే రాజ్యం. అతడు కర్రను గుర్రం అంటే అది గుర్రమే. రష్యా మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోత్‌స్కీ ఈ కర్రగుర్రం గురించే ఆలోచించి ఒక గొప్ప సంగతి చెప్పాడు. కర్రను గుర్రంగా చూసినప్పుడు పిల్లవాడు మొదటిసారిగా వస్తువు నుండి అర్థాన్ని విడదీస్తున్నాడు. ఎదురుగా లేనిదాన్ని మనసులో నిలుపుకుంటున్నాడు. తరువాత అక్షరాన్ని శబ్దంగా, అంకెను లెక్కగా చూడగలిగే శక్తికి పునాది అదే. గుజ్జనగూళ్ళు వండే పిల్ల ఆకులో మట్టిని వడ్డించి "అన్నం" అన్నప్పుడు ఆమె చేస్తున్నది ఇంత పెద్ద పని. మనం మధ్యలో దూరి "అది మట్టి, ముట్టుకోకు" అంటే ఆ పని ఆగిపోతుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇది. ఆట మందు కాగలదు, కాని దానిని మందులా మింగించకూడదు. మనం ఫలాన్ని మరచి ఆడినప్పుడే ఫలం వస్తుంది. గీతలో కర్మఫలం గురించి మనం వినే బోధకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ ఇంట్లో దొరకదు. పని మన అధికారంలో ఉంది. ఎదుగుదల మన అధికారంలో లేదు. యశోద మన్ను కోసం కృష్ణుని నోరు తెరిపించి చూసింది. ఆమె వెతికింది తప్పు, కనిపించింది బ్రహ్మాండం. పిల్లల ఆటను తప్పులు వెతికే కన్నుతో చూసేవారందరికీ ఆ కథలో ఒక హెచ్చరిక ఉంది.

ఈ అభిప్రాయానికి హద్దులు కూడా చెప్పాలి. లేకపోతే అది మోసమవుతుంది. ఆట అన్నిటినీ నయం చేయదు. రెండేళ్ళు దాటినా మాటలు కలపని బిడ్డకు ముందుగా చెవులు బాగా వినిపిస్తున్నాయో లేదో పరీక్ష చేయించాలి. పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు పోయినా, "వాడి తాత కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అని ఊరుకోకూడదు. మన దేశంలో ప్రభుత్వ క్లినిక్ కెసిహతాన్‌లో టీకాలతో పాటు బిడ్డ ఎదుగుదలను కూడా చూస్తారు. అక్కడ మన అనుమానాన్ని దాచకుండా చెప్పాలి. 1984లో తెరెంగ్గానులోని బాతు రాకిత్‌లో మొదలైన పీడీకే కేంద్రాలు, అంటే సమాజంలోనే ఉండి వైకల్యమున్న పిల్లలకు సాయం చేసే కేంద్రాలు, నేడు దేశమంతటా ఉన్నాయి. ఆంధ్ర, తెలంగాణ బంధువులకు సికింద్రాబాదులో 1984లోనే జాతీయ మానసిక వికలాంగుల సంస్థ అన్న పేరుతో స్థాపించిన సంస్థ తెలిసే ఉంటుంది. సముద్రానికి రెండు వైపులా ఒకే ఏట ఒకే ఆలోచన మొలకెత్తడం గమనించదగినది. ఇటువంటి బిడ్డను ఇంట్లో దాచకూడదు, ఇంటి దగ్గరనే సాయం అందాలి.

దాచకూడదు అన్న మాటను దేవాలయ పత్రికలో గట్టిగా చెప్పాలి. మనవారిలో కొందరు ఇటువంటి బిడ్డను చూసి "పూర్వజన్మ కర్మ" అంటారు. కర్మ సిద్ధాంతం మనిషి తన నడవడిని తాను దిద్దుకోవడానికి చెప్పిన సిద్ధాంతం. ఎదుటివాని బిడ్డ మీద తీర్పు చెప్పడానికి కాదు. ఆ మాట విన్న తల్లి పండుగకు గుడికి రావడం మానివేస్తుంది. ఆమెతో పాటు ఆ బిడ్డకు తోటి పిల్లలు దూరమవుతారు. ఆట అనే మందు ఉన్న ఒకే ఒక్క అంగడిని మనమే మూసివేసినట్లు అవుతుంది. ఆటిజమ్ ఉన్న బిడ్డను మరొకరిలా మార్చడం మన లక్ష్యం కాకూడదు. బిడ్డ చక్రాన్ని గంటసేపు తిప్పుతూ ఆనందిస్తే, పక్కన కూర్చొని మనమూ ఒక చక్రం తిప్పడం మొదటి అడుగు. బిడ్డ ఎదిగేది తన దారిలో, మన దారిలో కాదు.

ఈ పత్రిక పాఠకులను ప్రత్యేకంగా తాకే విషయం ఇంకొకటి ఉంది. ఏ భాషలో ఆడాలి? మాట ఆలస్యమైతే "ఇంట్లో తెలుగు ఆపండి, ఒకే భాష మాట్లాడండి" అని సలహా ఇచ్చేవారు చుట్టుపక్కల చాలామంది ఉంటారు. మంచి మనసుతోనే ఇస్తారు. కాని రెండు భాషలు వినడంవల్ల పిల్లలకు మాట ఆలస్యం కాదని పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చూపాయి. ఆటిజమ్ ఉన్న పిల్లలలో కూడా రెండు భాషలు హాని చేసినట్లు కనబడలేదు. హాని చేసేది ఇంకొకటి. తనకు సరిగా రాని భాషలో మాట్లాడవలసి వచ్చిన అమ్మమ్మ మౌనంగా ఉండిపోతుంది. బిడ్డకు అందవలసిన మాటలలో సగం అక్కడే ఆగిపోతాయి. తప్పో ఒప్పో, మనకు నవ్వు వచ్చే భాషలో, కోపం వచ్చే భాషలో బిడ్డతో ఆడాలి. చెమ్మచెక్క, కాళ్ళాగజ్జె, దాగుడుమూతలు మనకు భాషా పాఠాలుగా అందలేదు, ఆటలుగా అందాయి. అందుకే సముద్రం దాటి, నాలుగు తరాలు దాటి, లిపి మరచిపోయిన ఇళ్ళలో కూడా అవి మిగిలాయి. సాయంకాలపు తరగతిలో తెలుగు నేర్చుకునే తల్లిదండ్రులు గుణింతం పూర్తయ్యేవరకు ఆగనవసరం లేదు. పది ఆటమాటలు చాలు, ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.

ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణం ఆటను పిల్లల హక్కుగా ప్రకటించింది. మలేషియా 1995లో ఆ ఒడంబడికలో చేరింది. హక్కు అంటే అర్హత చూసి ఇచ్చే బహుమతి కాదు. హోంవర్క్ పూర్తి చేసిన పిల్లవానికి మాత్రమే దొరికేది హక్కు కాదు. జబ్బు ఉంటేనే దొరికేది కూడా కాదు. ఇక్కడ ఒక వింతను గమనించండి. చికిత్స కావలసిన పిల్లవానికి వారానికి ఒక గంట ఆట ఏర్పాటు చేస్తాం. ఆరోగ్యంగా ఉన్న పిల్లవానికి ట్యూషన్ తరువాత టాబ్లెట్ చేతికి ఇస్తాం. ఏడాదిలోపు బిడ్డకు తెర అసలే వద్దని, రెండు నుండి నాలుగేళ్ళవారికి రోజుకు ఒక గంట మించకూడదని, ఒకటి నుండి నాలుగేళ్ళ పిల్లలు రోజుకు 180 నిమిషాలైనా శరీరం కదిలేలా గడపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ 180 నిమిషాలకు ఏ పరికరమూ అవసరం లేదు. నేల కావాలి, తోడు కావాలి.

నేల మన గుడికి ఉంది. తోడుగా ఉండగల తాతలూ అమ్మమ్మలూ మన సంఘంలో ఉన్నారు. కాబట్టి ఒక చిన్న వినతి. ఆదివారం పూజ తరువాత ప్రసాదం పంచే వేళ, మండపం పక్కన ఒక చాప పరచి, వామనగుంటల పీట ఒకటి, రబ్బరు గింజలు ఒక గంపెడు, చెక్క దిమ్మెలు కొన్ని, తడి ఇసుక ఒక తొట్టెడు పెడదాం. నోట్లో పెట్టుకునే వయసు బిడ్డలకు గింజలు అందకుండా చూసుకోవాలి. పోటీ వద్దు, బహుమతి వద్దు, ఫోటో కూడా వద్దు. మాటలు రాని బిడ్డ వస్తే అతనికి చోటు ఇద్దాం. అతని తల్లిని ఏమీ అడగకుండా పక్కన కూర్చోబెట్టుకుందాం. పెద్దలలో ఒకరు ఆ గంటసేపు పిల్లలు చెప్పినట్లు చేయాలి. గుర్రం అవమంటే గుర్రం కావాలి, మట్టి అన్నం వడ్డిస్తే రుచి చూసినట్లు నటించాలి. మోకాళ్ళు నొప్పిగా ఉన్నవారు పీట మీద కూర్చోవచ్చు.

తెలివి, జయం రెండూ పిల్లలకు కావలసినవే. మన ఊరి కొత్త పేరు మంచి పేరే. వాటిని కోరే తల్లిదండ్రులను ఎవరూ నిందించలేరు, ఎందుకంటే తోటల నుండి మనల్ని బయటికి తెచ్చింది చదువే. నేను అడిగేది ఇంతే. ఆ జయం కోసం పిల్లవానిని కొమ్మ మీద నుండి తొందరపడి దించకండి. దిగవలసిన వేళ వస్తే పిల్లవాడే దిగుతాడు. అంతవరకు పడిపోకుండా చూసుకుంటూ చెట్టు కింద నిలబడి ఉండటం మన వంతు.